రూపచిత్రకారుడు జార్జి చిన్నెరీ

ఎదుట లేని ఆత్మీయుని రూపాన్ని కన్నుల ముందు నిలుపుకోవాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. భాగవతంలోని ఉషాపరిణయ కథలో ఉష కలలో చూచిన ప్రియుడెవరో తెలియక తల్లడిల్లుతుంది. అప్పుడు చెలికత్తె చిత్రరేఖ ముల్లోకాలలోని వీరుల రూపాలను పటంపై వ్రాసి చూపుతుంది. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు తాను తిరస్కరించి పంపిన శకుంతల రూపాన్ని చిత్రించుకొని దానినే చూస్తూ పరితపిస్తాడు. ఈ రెండు సన్నివేశాలలోనూ చిత్రానికి మూలం ఎడబాటే. మనిషి దగ్గర ఉన్నంతకాలం చిత్రంతో పని తక్కువ. దూరమైననాడు ఆ చిత్రమే పెన్నిధి అవుతుంది.

ఈనాడు ఫోటో తీయడం క్షణంలో పని. కాని ఫోటో తీసే విధానం లోకానికి వెల్లడి అయినది 1839లోనే. అంతకుముందు ఒక వ్యక్తి రూపం నిలవాలంటే చిత్రకారుడే గతి. వ్యక్తి ముఖకవళికలను, వేషభాషలను, స్వభావాన్ని ఉన్నదున్నట్లు స్ఫురింపజేసే చిత్రాన్ని రూపచిత్రం అంటారు. ఆంగ్లంలో దీనిని పోర్ట్రెయిట్ అంటారు. రూపచిత్రాలు గీయడమే వృత్తిగా జీవించి, లండనులో పుట్టి, మద్రాసు, ఢాకా, కలకత్తాలలో పని చేసి, చివరకు చైనా తీరాన కన్నుమూసిన కళాకారుడు జార్జి చిన్నెరీ. హైదరాబాదు చరిత్రలోని ఒక విషాదగాథతో అతని కుంచెకు సంబంధం ఉన్నది. ఇతరుల ఎడబాటుకు తన చిత్రాలతో ఊరట కూర్చిన చిన్నెరీ తన జీవితంలో అధికభాగాన్ని తనవారికి దూరంగానే గడపడం విచిత్రం.

చిన్నెరీ 1774లో లండను నగరంలో జన్మించాడు. అతని తాత అందమైన చేవ్రాతను నేర్పడంలో పేరుపొందిన ఉపాధ్యాయుడు. రేఖపై మమకారం ఆ విధంగా వంశంలోనే ఉన్నదని చెప్పవచ్చు. 1792లో అతడు రాయల్ అకాడమీ పాఠశాలలో చేరాడు. 1768లో స్థాపితమైన ఆ అకాడమీకి మొదటి అధ్యక్షుడు సుప్రసిద్ధ రూపచిత్రకారుడు జాషువా రెనాల్డ్స్. ప్రకృతి దృశ్యాలను చిత్రించడంలో అద్వితీయుడైన టర్నర్ కూడా ఆ రోజులలో అక్కడి విద్యార్థియే.

అది ఇంగ్లండులో కాల్పనికోద్యమం తల ఎత్తుతున్న కాలం. 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జి కవులు కలిసి ప్రకటించిన గీత సంపుటి ఆ ఉద్యమానికి నాంది పలికింది. నియమాలకంటె అనుభూతికి, వైభవంకంటె సామాన్యుని బ్రతుకుకు, నగరంకంటె ప్రకృతికి ప్రాధాన్యమివ్వడం ఆ ఉద్యమ లక్షణం. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో మన భావకవులకు ప్రేరణ ఇచ్చినదీ ఈ కవిత్వమే. చిత్రకళలోనూ ఇదే మార్పు వచ్చింది. నునుపైన గీతకు బదులు స్వేచ్ఛగా సాగే కుంచె, సమమైన వెలుగుకు బదులు చీకటివెలుగుల సంఘర్షణ, ముఖంలో హోదాకంటె మనసు కనిపించడం ఆ కాలపు రూపచిత్రాల ప్రత్యేకత. చిన్నెరీ ఈ వాతావరణంలో పెరిగినవాడు.

కాని రూపచిత్రకారునికి ఒక చిక్కు ఉన్నది. కవి తన కోసం తాను వ్రాసుకోవచ్చు. రూపచిత్రకారుడు మాత్రం డబ్బిచ్చి కూర్చున్నవాని ముఖాన్నే గీయాలి. ఆ రోజులలో చిత్రం పరిమాణాన్ని బట్టి వెల ఉండేది. తలా భుజాలు మాత్రమే అయితే ఒక వెల, నడుము వరకు అయితే మరొక వెల, నిలువెత్తు చిత్రానికి ఇంకా ఎక్కువ వెల. చిత్రం వ్రాయించుకొనేవారు పలుమార్లు వచ్చి చిత్రకారుని ఎదుట గంటల తరబడి కదలక కూర్చోవలసి వచ్చేది. పోలిక కుదరకపోతే నింద, ఉన్న లోపాన్ని చూపితే కోపం. పోషకుని మెప్పించాలి, కళను చంపుకోకూడదు. ఈ రెండింటి నడుమ నడవడం కత్తిమీద సాము.

1796 ప్రాంతంలో చిన్నెరీ జీవనోపాధి కోసం ఐర్లండు రాజధాని డబ్లిన్ చేరాడు. అక్కడ తాను అద్దెకున్న ఇంటి యజమాని కుమార్తె మరియన్‌ను 1799లో వివాహమాడాడు. వారికి 1800లో మెటిల్డా అనే కుమార్తె, 1801లో జాన్ అనే కుమారుడు కలిగారు. డబ్లిన్ కళాసంఘాలలో అతడు త్వరగా గుర్తింపు పొందాడు. 1801లో డబ్లిన్ సొసైటీ అతని కృషిని మెచ్చి వెండితో చేసిన రంగుల పలకను బహూకరించింది. అయితే అదే సంవత్సరం ఐర్లండు పార్లమెంటు రద్దయి, ఆ దేశం పరిపాలనలో ఇంగ్లండుతో విలీనమైంది. ప్రభువులు, సంపన్నులు క్రమంగా లండనుకు తరలిపోసాగారు. వారితోపాటు చిత్రకారుల ఆదాయమూ తరలిపోయింది. చిన్నెరీ భార్యనూ పసిబిడ్డలనూ అక్కడే విడిచి లండనుకు, అక్కడినుండి ఈస్టిండియా కంపెనీ అనుమతితో భారతదేశానికి బయలుదేరాడు. 1802 డిసెంబరులో మద్రాసు రేవులో దిగేనాటికి అతనికి ఇరవై ఎనిమిదేండ్లు. కూతురికి రెండేండ్లు, కొడుకుకు ఏడాది దాటింది.

మద్రాసులో అతని సోదరుడు జాన్ అప్పటికే వర్తకం చేస్తున్నాడు. ఆ పరిచయాల వలన చిన్నెరీకి పని దొరికింది. కంపెనీ ఉద్యోగులకు, వర్తకులకు, సైనికాధికారులకు రూపచిత్రాలు అవసరం. సముద్రానికి ఆవల ఉన్న తల్లిదండ్రులకు తమ ముఖం చూపాలంటే వారికి వేరే మార్గం లేదు. అందుకని అరచేతిలో ఇమిడే చిన్న చిన్న చిత్రాలను దంతపు రేకులపై వ్రాయించి పంపేవారు. ఇటువంటి సూక్ష్మచిత్రాలలో చిన్నెరీ సిద్ధహస్తుడు. విశ్రాంతి వేళలలో అతడు మద్రాసు పరిసరాలలో తిరుగుతూ వీధులను, తీరాన్ని, పనిపాటలు చేసుకొనే జనాన్ని పెన్సిలుతో గీసుకొనేవాడు. అట్టి దృశ్యాలను కొన్నింటిని లోహపు రేకులపై చెక్కి అచ్చువేయించాడు కూడా. కూటి కోసం చేసే పని ఒకటి, మనసు కోరే పని ఒకటి. ఈ రెండు పాయలు మద్రాసులోనే విడివడి, అతని జీవితాంతం సమాంతరంగా ప్రవహించాయి.

1805లో చిన్నెరీ చేతికి వచ్చిన ఒక పని అతని పేరును హైదరాబాదు చరిత్రతో ముడివేసింది. ఆనాడు నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఉండేవాడు. ఈ ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. మద్రాసులోనే జన్మించిన కిర్క్‌పాట్రిక్ 1798 నుండి ఆ పదవిలో ఉన్నాడు. అతడు హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను ముస్లిం సంప్రదాయం ప్రకారం వివాహమాడాడు. ఈ వివాహం కంపెనీ పెద్దలకు కంటగింపయింది. అయినా అతడు వెనుదీయలేదు. వారికి 1801లో కుమారుడు, 1802లో కుమార్తె జన్మించారు. వారిని సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలిచేవారు. కోఠిలో నేటికీ నిలిచి ఉన్న రెసిడెన్సీ భవన నిర్మాణం ప్రారంభించినది ఈ కిర్క్‌పాట్రిక్కే. 1949 నుండి మహిళా కళాశాలకు నిలయమైన ఆ ప్రాంగణం 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

భారతదేశంలో పుట్టిన తమ బిడ్డలను చిన్ననాడే చదువుకై ఇంగ్లండు పంపడం ఆనాటి కంపెనీ ఉద్యోగుల ఆచారం. కిర్క్‌పాట్రిక్ కూడా నాలుగేండ్ల కొడుకును, మూడేండ్ల కూతురును పంపక తప్పదని నిశ్చయించాడు. పిల్లలు ఓడ ఎక్కడానికి మద్రాసు చేరారు. బిడ్డలు దూరమైనా వారి రూపమైనా దగ్గర ఉండాలన్న తలపుతో తండ్రి చిన్నెరీ చేత వారి చిత్రం వ్రాయించాడు.

ఆ తైలవర్ణ చిత్రంలో మెట్లపైన అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ నిలబడి ఉంటారు. ఇద్దరూ హైదరాబాదు దర్బారు దుస్తులలో ఉన్నారు. వెనుక చీకటి గుహవలె పరచుకొని ఉంటుంది. ప్రక్కన బరువైన తెర వ్రేలాడుతుంటుంది. జరీ అంచుల అంగరఖాలో అన్న మనవైపు నిబ్బరంగా చూస్తాడు. చెల్లెలి చూపు మాత్రం క్రిందికి వాలి ఉంటుంది. ఆ చిన్నముఖంలో ఏదో దిగులు. పిల్లలు ఎంత చిన్నవారో, వారి వెనుకనున్న చీకటి అంత పెద్దది. ఆ చిత్రం గీసిన కుంచె పట్టిన చేయి, సరిగా అదే వయసులో ఉన్న తన బిడ్డలిద్దరినీ మూడేండ్లుగా చూడని తండ్రి చేయి. అతని మనసులో ఏమి మెదిలిందో చెప్పడానికి సాక్ష్యం లేదు. చిత్రం మాత్రమే ఉన్నది.

1805 సెప్టెంబరులో పిల్లల ఓడ మద్రాసు నుండి కదిలింది. నెల రోజులు తిరిగేసరికి, అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. లండనులో పిల్లలకు క్రైస్తవ మతం ఇచ్చి విలియం జార్జి, కేథరిన్ ఆరోరా అని పేర్లు మార్చారు. కేథరిన్‌ను అందరూ కిట్టీ అని పిలిచేవారు. ఖైరున్నిసా తన బిడ్డలను మరల చూడలేదు. 1813లో ఇరవై ఏడేండ్ల వయసులో ఆమె కన్నుమూసింది. విలియం 1828లో మరణించాడు. కిట్టీ మాత్రం 1889 వరకు జీవించింది. తత్త్వవేత్త థామస్ కార్లైల్ యౌవనంలో ఆమెను ఎరుగును. అతని రచన సార్టర్ రిసార్టస్‌లోని బ్లూమిన్ పాత్రకు ఆమెయే మూలమని పలువురు భావిస్తారు.

చిన్నెరీ వ్రాసిన చిత్రం కాలక్రమంలో హెన్రీ రస్సెల్ చేతికి వచ్చింది. అతడు 1811 నుండి 1820 వరకు హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్నవాడు. అతనితోపాటు చిత్రమూ ఇంగ్లండు చేరి, స్వాలోఫీల్డ్ అనే ఊరిలోని రస్సెల్ కుటుంబ భవనంలో గోడకెక్కింది. చాలా ఏండ్ల తరువాత కిట్టీ ఒకమారు అనుకోకుండా ఆ ఇంటికి వెళ్ళింది. గోడపై తన బాల్యరూపాన్నీ, ప్రక్కన అన్ననూ చూచి కన్నీరు పెట్టుకొన్నది. 1841 నుండి ఆమె హైదరాబాదులో ఉన్న తన అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపింది. రస్సెల్ ఆ చిత్రాన్ని ఆమెకే దక్కేటట్లు చేశాడు. తల్లి కళ్ళు చూడలేని బిడ్డల రూపాన్ని ఆ బిడ్డకే చూపడానికి రంగు పూసిన గుడ్డ ఒకటి సముద్రాలు దాటి నిలిచింది.

మద్రాసు చిన్నెరీకి మెట్టు మాత్రమే. కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న పెద్ద హెన్రీ రస్సెల్ రూపచిత్రం గీయడానికి అతడు 1807లో అక్కడికి వెళ్ళాడు. స్వాలోఫీల్డ్ భవనాన్ని తరువాత కొన్నవాడు ఈయనే, హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెల్‌కు తండ్రి. 1808లో చిన్నెరీ ఢాకా చేరి అక్కడి కలెక్టరు, చిత్రకళాభిమాని చార్లెస్ డోయిలీకి చిత్రలేఖనం నేర్పాడు. శిథిలమైన మొగలు కట్టడాలను, గడ్డి ఇండ్లను, చెరువుగట్లను, పశువులను అతడు లెక్కకు మిక్కిలిగా గీశాడు. 1812లో కలకత్తాకు తిరిగివచ్చిన తరువాత అతని వృత్తి మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లింది. ఆ నగరంలో అతనిని మించిన రూపచిత్రకారుడు లేడన్న కీర్తి వచ్చింది. ముఖంలో జీవకళ తొణికించడానికి అతడు కనురెప్పల క్రింద, ముక్కుపుటాల వద్ద, పెదవులపై ఇంగిలీకపు ఎరుపును నేర్పుగా తాకించేవాడు. అతని చిత్రాలను గుర్తించడానికి నేటికీ అదొక ఆనవాలు. డోయిలీ 1828లో ప్రకటించిన టామ్ రా అనే హాస్యకావ్యంలో, కొత్తగా వచ్చిన కంపెనీ ఉద్యోగి చిన్నెరీ వద్ద చిత్రం వ్రాయించుకొనే ఘట్టం ఉన్నది. ఆనాటి కలకత్తా సమాజంలో అతని పేరు ఎంతగా ప్రాకిందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

సంపాదన పెరిగినకొద్దీ వ్యయం మరింత పెరిగింది. పని ఒప్పుకోవడంలో ఉన్న ఉత్సాహం పూర్తి చేయడంలో లేకపోయింది. ఎందరి చిత్రాలో సగంలో నిలిచిపోయాయి. 1817లో కూతురు మెటిల్డా, మరుసటి ఏడు భార్య మరియన్ కలకత్తా చేరారు. రెండేండ్ల పసిపాపగా విడిచివచ్చిన కూతురిని తండ్రి పదునేడేండ్ల యువతిగా చూచాడు. కొడుకు జాన్ కూడా భారతదేశానికి వచ్చాడు. కాని 1822లో అతడు మరణించాడు. ఎడబాటు తీరిందనుకొన్న కుటుంబాన్ని మృత్యువు ఇలా దెబ్బతీసింది. ఒకవైపు పుత్రశోకం, మరొకవైపు అప్పులవారి ఒత్తిడి. 1823లో చిన్నెరీ కలకత్తాను విడిచి సమీపంలోని శ్రీరాంపురం చేరాడు. ఆ పట్టణం అప్పుడు డేనిష్‌వారి ఏలుబడిలో ఉండడంచేత కలకత్తా న్యాయస్థానాల ఆజ్ఞలు అక్కడ చెల్లవు. 1825లో అక్కడినుండి ఓడ ఎక్కి చైనా తీరంలో పోర్చుగీసువారి పట్టణమైన మకావు చేరాడు. మరల భారతదేశానికి గాని, ఇంగ్లండుకు గాని తిరిగి రాలేదు.

మకావులో చిన్నెరీ ఇరవై ఆరేండ్లకు పైగా జీవించాడు. వర్తకం జరిగే కాంటన్ నగరంలోకి విదేశీ స్త్రీలను రానీయరాదని చైనా ప్రభుత్వ నిబంధన ఉండేది. తన భార్య వచ్చినా కాంటన్‌లో తనకు భయం లేదని చిన్నెరీ వేళాకోళం చేసేవాడని చెబుతారు. ఆ హాస్యం వెనుక బాధ్యతనుండి తప్పుకొన్న మనిషి కూడా కనిపిస్తాడు. అప్పు చేసి పరారైనవాని అలవాటును కళ పేరుతో సమర్థించలేము. ఒక్క మాట మాత్రం నిజం. ఎక్కడ ఉన్నా అతని పెన్సిలు విశ్రమించలేదు.

మకావులో అతని పోషకులు బ్రిటిష్, అమెరికన్ వర్తకులు. వారిలో నల్లమందు వ్యాపారంతో ధనవంతులైన వారూ ఉన్నారు. అమెరికానుండి వచ్చిన హారియెట్ లో అనే యువతి అతని వద్ద చిత్రలేఖనం నేర్చుకొన్నది. 1833లో అతడు ఆమె రూపచిత్రం గీశాడు. ఆమె వ్రాసుకొన్న దినచర్యలో చిన్నెరీ మాటతీరు, స్వభావం చక్కగా కనిపిస్తాయి. అదే 1833లో గీసిన మరొక చిత్రం వైద్యుడు థామస్ కాలెడ్జిది. మకావులో పేదలకు ఉచిత నేత్రవైద్యాలయం నడిపినవాడు కాలెడ్జి. ఆ చిత్రంలో వైద్యుని చేయి ఒక చైనా వృద్ధురాలి నుదుటిపై ఆని ఉంటుంది. ప్రక్కన అతని సహాయకుడు అఫున్ ఉన్నాడు. డబ్బిచ్చి వ్రాయించుకొన్నవాని హోదాకంటె అతని సేవ, దానిని పొందినవారి ముఖం ప్రధానమైన రూపచిత్రమిది. కాల్పనికోద్యమ స్ఫూర్తి ఇక్కడ పరిపూర్ణంగా గోచరిస్తుంది. కాంటన్‌లో లామ్ క్వా అనే చైనా చిత్రకారుడు చిన్నెరీ పద్ధతిలో తైలవర్ణ చిత్రాలు గీసి, తక్కువ వెలకు అమ్మి అతనికి పోటీ అయ్యాడు.

ప్రతి ఉదయం చిన్నెరీ మకావు వీధులలోకి వెళ్ళేవాడు. పడవ నడిపే స్త్రీలు, కమ్మరులు, క్షురకులు, అంగడివారు, పందులు, మేకలు అతని పుటలలో చేరేవి. చిత్రం ప్రక్కన రంగుల వివరాలను గర్నీ పద్ధతి షార్ట్‌హ్యాండులో గుర్తుగా వ్రాసుకొనేవాడు. మకావులోని సెయింట్ పాల్ చర్చిని అతడు 1834లో గీశాడు. 1835 జనవరిలో అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. నేడు దాని ముఖభాగం, మెట్లు మాత్రమే మిగిలాయి. పూర్వరూపాన్ని తెలుసుకోవడానికి అతని గీతలు చరిత్రకారులకు విలువైన ఆధారాలు. డబ్బు తెచ్చిన రూపచిత్రాలలో కొన్ని కనుమరుగయ్యాయి. డబ్బు తేని ఆ గీతలు ఒక కాలపు జనజీవితానికి సాక్ష్యాలై మిగిలాయి.

1852 మే 30న చిన్నెరీ మకావులో మరణించాడు. అక్కడి పాత ప్రొటెస్టెంటు శ్మశానవాటికలో అతని సమాధి ఉన్నది. అప్పటికి ఫోటోగ్రఫీ వెలువడి పదమూడేండ్లయింది. రూపచిత్రకారుల వృత్తికి సంధ్యాకాలం సమీపించింది.

చిన్నెరీ జీవితాన్ని కీర్తి ఒక్కదానితో కొలిస్తే చాలదు, అప్పులతో కొలిచినా చాలదు. అతనిలో లోపాలున్నాయి. అతని వలన భార్యాబిడ్డలు బాధపడ్డారు. అయినను ఎడబాటు ఎంతటిదో ఎరిగిన అతని కుంచె, విడిపోనున్న ఇద్దరు పసివారి ముఖాలలో దానిని పట్టి నిలిపింది. పోషకుల పేర్లు మరచిపోయిన లోకం ఈనాటికీ ఆ చిన్నారి దించుకొన్న కళ్ళ ఎదుట ఒక్క క్షణం ఆగుతుంది. రూపాన్ని గీయడం నేర్పు, రూపంలోని వేదనను గీయడం కళ. ఆ రెండవది సాధించిన చిత్రాలు కొన్ని ఉన్నందువల్లనే జార్జి చిన్నెరీ స్మరణీయుడు.